పిల్లల మూత్రపిండాల్లో కాల్షియం: స్కానింగు చెప్పేది, చెప్పనిది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది ఎవరి దయాధర్మమూ కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ రోజును తలచుకుంటూ ఏటా ఇలా కలుసుకుంటున్నాం. డి.ఏ. బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం మనుమల ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

నేను డాక్టరును కాను. ఖజానా శాఖలో 33 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నాకు వచ్చిన విద్యల్లా ఫైలు నడపడం. 2016 నుంచి మా మనవరాలి జబ్బు తాలూకు ఫైలు నేనే నడుపుతున్నాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, ఆ ఫైలులోని కాగితాలు నేర్పినవి మీ ముందు పెడతాను. ఇందులో ఏ ఒక్క సంగతి మీలో ఒక్కరి ఇంట్లో పనికివచ్చినా నా ప్రసంగం సార్థకమైనట్టే.

జబ్బు పేరు నెఫ్రోకాల్సినోసిస్. పేరు నోరు తిరగకపోయినా విషయం తేలికే. మూత్రపిండపు కండలో కాల్షియం ఉప్పు పేరుకోవడం. మనలో చాలామందికి కిడ్నీలో రాయి అంటే తెలుసు, కొందరికి అనుభవం కూడా. రాయి మూత్రం బయటికి వచ్చే దారిలో తయారవుతుంది. కదిలితే ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంది. ఇది అలా కాదు. కండలోనే, సన్నని గొట్టాల లోపలా, వాటి చుట్టూ కాల్షియం కూర్చుంటుంది. ఉప్పునీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లగా గార కట్టడం మీరు చూసే ఉంటారు. ఇంచుమించు అలాంటిదే. రాళ్ళు, ఇది కలిసి ఉండవచ్చు కూడా. కానీ దీనికి సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి లేదు కనుక ఎవరూ వెతకరు. అక్కడే వచ్చింది చిక్కు.

మూత్రపిండం చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుందని మనకు తెలుసు. నిలువుగా కోసి చూస్తే బయట ఒక పట్టీ, దాన్ని కార్టెక్స్ అంటారు. రక్తాన్ని వడకట్టే పని అక్కడ జరుగుతుంది. లోపల గోపురాల్లాంటి భాగాలు కొన్ని ఉంటాయి, వాటిని పిరమిడ్లు అంటారు. మూత్రం చిక్కబడేది అక్కడ. పిల్లల్లో కాల్షియం ఎక్కువగా పేరుకునేది ఈ పిరమిడ్లలోనే. బయటి పట్టీలో పేరుకోవడం చాలా అరుదు.

ఇప్పుడు స్కానింగు సంగతి. అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి వినిపించని ధ్వని. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. పిల్లల పొట్ట మీద పెట్టే పరికరం సెకనుకు 50 లక్షల నుంచి కోటి దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కంపనాలు పంపుతుంది. ఆ ధ్వని లోపలికి పోయి, తగిలిన చోటల్లా ప్రతిధ్వనించి వెనక్కి వస్తుంది. గబ్బిలం చీకట్లో దారి తెలుసుకునే పద్ధతే. వెనక్కి ఎక్కువగా వచ్చిన చోటు తెరమీద తెల్లగా, తక్కువగా వచ్చిన చోటు నల్లగా కనబడుతుంది.

ఈ విద్య ఆస్పత్రిలోకి కర్మాగారం నుంచి వచ్చింది. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, లోహంలో పగుళ్ళు కనిపెట్టే యంత్రం బాయిలర్ల కర్మాగారంలో ఉందని తెలిసి, 1955లో ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారులో వేసుకుని అక్కడికి వెళ్ళి పరీక్షించి చూశాడు. 1958లో తన సహచరులతో కలిసి లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. ఈనాడు మన తాలూకా కేంద్రాల్లో కూడా స్కానింగు సెంటర్లు ఉన్నాయంటే దానికి మూలం అదే.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల మూత్రపిండంలో పిరమిడ్లు చుట్టూ ఉన్న పట్టీకన్నా నల్లగా కనబడాలి. కాల్షియం పేరుకుంటే అవి తెల్లబడతాయి. మొదట అంచులు తెల్లబడతాయి. తర్వాత పిరమిడ్ అంతా కొద్దిగా తెల్లబడుతుంది. బాగా ముదిరితే పిరమిడ్ మొత్తం దట్టంగా తెల్లగా మెరుస్తుంది. వీటినే ఒకటి, రెండు, మూడు గ్రేడులుగా రాస్తారు.

ఎక్స్‌రే తీస్తే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. కాల్షియం చాలా ఎక్కువగా పేరుకుంటే గాని ఎక్స్‌రేలో కనబడదు. సి.టి. స్కానులో స్పష్టంగా కనబడుతుంది గాని, దానిలో రేడియేషన్ ఉంది. పైగా ఇది ఒక్కసారి తీసి వదిలేసే పరీక్ష కాదు, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూడాలి. ఎదిగే పిల్లలకు అన్నిసార్లు సి.టి. తీయించలేం. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, సూది లేదు, మత్తు లేదు. తల్లి ఒళ్ళో పడుకోబెట్టి కూడా తీయవచ్చు. ఇంకొక సదుపాయం కూడా ఉంది. కంపనాలు ఎక్కువైనకొద్దీ బొమ్మ నాణ్యంగా వస్తుంది, కాని ధ్వని లోతుకు పోదు. మనలాంటి బొజ్జలవారికి అది కుదరదు. పిల్లల మూత్రపిండాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కనుక వారికి చక్కగా కుదురుతుంది.

ఇక మా ఇంటి సంగతి. మా మనవరాలు 2013లో పుట్టింది. మూడో ఏడు వచ్చేసరికి ఎత్తు 84 సెంటీమీటర్లు. ఆ వయసు ఆడపిల్ల 95 దాకా ఉండాలట. రాత్రిపూట మంచం పక్కన చెంబుతో నీళ్ళు ఉండాల్సిందే. లేచి లేచి తాగేది, పక్క తడిపేది. అన్నం సహించదు, తరచు వాంతి, ఎప్పుడూ మలబద్ధకం. ఎండలు కదా నీళ్ళు తాగుతుంది అన్నారొకరు. వాళ్ళ నాయనమ్మ పోలిక, పొట్టి వంశం అన్నారింకొకరు. దిష్టి తీయమన్నవారు సరేసరి. మా అమ్మాయి మాత్రం ఎవరి మాటా వినలేదు. "ఇది అన్నం మానేసి నీళ్ళతో బతుకుతోంది నాన్నా, ఏదో ఉంది" అంది. ఆ పట్టుదలే పిల్లను కాపాడింది.

అప్పటికే ఒకసారి కడుపునొప్పి అంటే ఒక సెంటరులో స్కాన్ తీయించారు. కిడ్నీలు రెండూ మామూలు సైజులో ఉన్నాయని రాసి పంపారు. పిరమిడ్ల ప్రసక్తే లేదు. చీటీలో రాసిన ప్రశ్న కడుపునొప్పి గురించి. జవాబు కూడా అంతవరకే వచ్చింది. మూడు నెలల తర్వాత పిల్లల డాక్టరుగారు ఎత్తు, బరువు కొలిచి, దాహం సంగతి విని, స్కాన్ చీటీ మీద "ఎదుగుదల లేదు, అతిగా మూత్రం, పిరమిడ్లు చూడవలెను" అని రాశారు. ఈసారి రెండు వైపులా రెండో గ్రేడు కాల్షియం ఉన్నట్టు బయటపడింది. ఆఫీసులో మనకు తెలిసిన సంగతే ఇది. ప్రశ్న సరిగ్గా రాయని ఫైలుకు జవాబు సరిగ్గా రాదు. కనుక స్కానుకు వెళ్ళేముందు చీటీలో ఏం రాశారో చదవండి. ఎందుకు తీయిస్తున్నారో అందులో లేకపోతే డాక్టరుగారిని మర్యాదగా అడిగి రాయించుకోండి.

ఆ రిపోర్టు చూసి ఇంట్లో అందరూ ఏడ్చారు. డయాలిసిస్ అన్నమాట ఎవరి నోటినుంచో వచ్చింది. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పారు. మొదటిది, తెల్లగా కనబడటం వేరు, కిడ్నీ పనిచేయకపోవడం వేరు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో క్రియాటినిన్ చెప్పాలి. మా పిల్లకు అది సరిగ్గానే ఉంది. రెండోది, స్కాను కాల్షియం ఉందని చెబుతుంది గాని ఎందుకు వచ్చిందో చెప్పదు. మన భాషలో చెప్పాలంటే స్కాను రిపోర్టు టపాలో వచ్చిన కాగితం. దాని మీద విచారణ జరగాలి. తుది ఉత్తర్వు అది కాదు.

విచారణలో తేలిందేమిటంటే, పిల్ల రక్తంలో బైకార్బొనేట్ 14 ఉంది. 22కు తగ్గకూడదు. పొటాషియం కూడా తక్కువే. రక్తంలో అంత ఆమ్లం ఉన్నా మూత్రంలోకి ఆమ్లం దిగడం లేదు. దీన్ని డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ ఎసిడోసిస్ అంటారు. రోజూ మూత్రంలో పోవలసిన ఆమ్లం ఒంట్లో నిలిచిపోతుంది. దాన్ని సరిపెట్టడానికి శరీరం ఎముకల నుంచి క్షారం తీసి వాడుకుంటుంది. దానితో ఎముకలోని కాల్షియం కూడా కరిగి మూత్రంలోకి వస్తుంది. కాల్షియాన్ని కరిగించి ఉంచే సిట్రేట్ మూత్రంలో తగ్గిపోతుంది. అందుకని అది పిరమిడ్లలో పేరుకుంటుంది. ఖజానా వాళ్ళకు చెప్పనక్కరలేదు. రోజువారీ ఖర్చుకు మూలధనం తీసి వాడుకున్న ఇల్లు ఎలా అవుతుందో ఆ పిల్ల ఎముకలు అలా అయ్యాయి.

మందు చాలా మామూలుది. సిట్రేట్ ద్రావకం, రోజుకు మూడుసార్లు. రుచి బాగుండదు. మా ఇంటావిడ బుజ్జగించి పోసేది. కొన్ని వారాల్లో రక్తం సర్దుకుంది. ఆకలి పుట్టింది. ఏడాదిలో పాత గౌన్లన్నీ పొట్టివయ్యాయి. ఈ జబ్బులో కొందరికి వినికిడి కూడా తగ్గుతుందని చెవి పరీక్ష చేయించమన్నారు. స్వల్పంగా లోపం ఉందని తేలింది. మిషను పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటుంది. ఇప్పుడు పన్నెండేళ్ళు, 145 సెంటీమీటర్లు. స్కానులో ఆ తెలుపు మాత్రం పోలేదు. పోదు అని డాక్టరుగారు మొదటే చెప్పారు. 2016లో రెండో గ్రేడు, నిరుడు కూడా రెండో గ్రేడే. పెరగలేదు. అదే మాకు పదివేలు.

2020 లాక్‌డౌన్‌లో మూడు వారాలు మందు దొరకలేదు. ఆ తర్వాత చూస్తే స్కాను ఎప్పటిలాగే ఉంది గాని రక్తంలో బైకార్బొనేట్ మళ్ళీ పడిపోయింది. స్కాను ఆలస్యంగా మారుతుంది, రక్తం వెంటనే మారుతుంది. కనుక స్కాను బాగుంది కదా అని రక్తపరీక్ష మానకూడదు.

అందరికీ ఇదే కారణం అనుకోకండి. కారణాలు చాలా ఉన్నాయి. ఆక్సలేట్ అనే పదార్థం కాలేయంలో అతిగా తయారయ్యే వంశపారంపర్య జబ్బు ఒకటి. అది కిడ్నీలను పూర్తిగా చెడగొట్టగలదు కనుక త్వరగా తేల్చుకోవాలి. దానిలో ఒక రకానికి 2020లో అమెరికాలోను, ఐరోపాలోను కొత్త ఇంజెక్షనుకు అనుమతి వచ్చింది. కొందరు పిల్లలకు ఏ కారణమూ దొరక్కుండానే మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు కూడా ఇది రావచ్చు. మనలో కొందరు కాళ్ళవాపుకు వేసుకునే ఫ్యూరోసెమైడ్ మందు అలాంటి బిడ్డలకు ఎక్కువ రోజులు ఇవ్వవలసివస్తే కిడ్నీల్లో కాల్షియం చేరుతుందని 1982లోనే వైద్య పత్రికల్లో రాశారు. ఆ బిడ్డల్లో చాలామందికి ఎదిగేకొద్దీ అదే తగ్గిపోతుంది.

మనకు నేరుగా సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. విటమిన్ డి. ఏడాదిలోపు బిడ్డకు రోజుకు 400 యూనిట్లు చాలు. మనకు మోకాళ్ళ నొప్పులకని వారానికొకటి రాసే పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. భాగించి చూడండి. ఒక్క పొట్లం బిడ్డకు 150 రోజుల మోతాదు, అంటే అయిదు నెలలది. బలానికి మంచిదని ఆ పొట్లాలు పాలలో కలిపి పసిపిల్లకు పోస్తే రక్తంలో కాల్షియం పెరిగి, మూత్రంలోకి దిగి, కిడ్నీల్లో పేరుకుంటుంది. చుక్కల మందులోనూ జాగ్రత్త కావాలి. కొన్ని సీసాల్లో ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు, కొన్నింటిలో 800 ఉంటాయి. సీసా మారినప్పుడల్లా చీటీ చదవండి. ఇంగ్లండులో 1950ల్లో పిల్లల పాలపొడుల్లో ఈ విటమిన్ మరీ ఎక్కువ కలిపి, పసిపిల్లల రక్తంలో కాల్షియం పెరగడం చూసి, 1957లో మోతాదు తగ్గించారు. మన అలమారలోని పొట్లాలు మనవే. పిల్లలకు అందనిచోట పెడదాం.

ఇంకొక అనుభవం చెప్పాలి. మా అల్లుడు మా ఇంటావిడకు స్వయానా మేనల్లుడు. ఇలాంటి జబ్బుల్లో చాలావరకు తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు చేరడం వల్ల వస్తాయి. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఇది ఎవరినీ బోనులో నిలబెట్టడానికి చెప్పడం లేదు. ఇంట్లో ఒక బిడ్డకు ఉందంటే తోబుట్టువులకు కూడా చూపించాలని చెప్పడానికి.

2018లో మనవడు పుట్టాడు. మూడో రోజున స్కాన్ తీస్తే వాడి పిరమిడ్లు కూడా తెల్లగా ఉన్నాయి. మా అమ్మాయి పచ్చి బాలింత, గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరుగారు మాత్రం తొందరపడలేదు. పుట్టిన కొత్తలో కొందరు బిడ్డల కిడ్నీ గొట్టాల్లో ఒక రకం ప్రోటీన్ నిలిచి పిరమిడ్లు తెల్లగా కనబడతాయి, సాధారణంగా వారం పది రోజుల్లో పోతుంది, కొంచెం ఆగి మళ్ళీ తీద్దాం అన్నారు. ఆ మూడు వారాలు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇరవై నాలుగో రోజున మళ్ళీ తీస్తే పిరమిడ్లు నల్లగా ఉన్నాయి. రక్తపరీక్ష కూడా సరిగ్గానే వచ్చింది. తెల్లగా కనబడ్డదల్లా కాల్షియం కాదని ఆ రోజు తెలిసింది.

కడపటిగా, ఇంత అనుభవంలో నేర్చుకున్న పనులు కొన్ని చెబుతాను.

ఒకటి. అతిగా నీళ్ళు తాగడం, రాత్రిళ్ళు పక్క తడపడం, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, తరచు వాంతులు, మలబద్ధకం, ఇవి కలిసి కనబడితే దిష్టి తీసినా తీయండి గాని డాక్టరుకు చూపించండి. గోడ మీద గీత గీసి ఎత్తు రాయండి.

రెండు. ప్రతి రిపోర్టునూ, ఫిల్మునూ తేదీ వరసన టాగు వేసి, పుట నంబర్లు వేసి ఉంచండి. ముందొక అట్ట మీద తేదీ, ఎత్తు, బరువు, గ్రేడు, క్రియాటినిన్, బైకార్బొనేట్, మందు మోతాదు ఒకే పట్టికలో రాయండి. మనకు సర్వీసు రిజిస్టరు ఎలాగో పిల్లకు అది అలాగ. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ ఒక్క కాగితం అరగంట మాటలతో సమానం.

మూడు. వీలైనంతవరకు ఒకే చోట, పిల్లల స్కాన్లు తీసే అలవాటున్నవారితో తీయించండి. తెలుపు ఎంత అన్నది తీసేవారి కంటి మీదా, మిషను అమరిక మీదా ఆధారపడుతుంది. పాత రిపోర్టు వారి ముందు పెట్టండి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే, డాక్టరు చెప్పిన గడువుకు స్కాన్ తప్పకూడదు.

నాలుగు. కాల్షియం అన్నారు కదా అని పిల్లకు పాలు మానిపించకండి. ఎముకలకు నష్టం, పైగా తిండిలో కాల్షియం మరీ తగ్గితే ఆక్సలేట్ ఒంటికి ఎక్కువ పడుతుంది. రాళ్ళు కరుగుతాయని కొండపిండాకు కషాయం, అరటిదూట రసం మనం తాగితే తాగుదాం. పిల్లలకు డాక్టరును అడగకుండా పోయకండి. నీళ్ళు మాత్రం అడిగినన్ని ఇవ్వండి. తాగవద్దని కసరకండి.

మన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఉద్యోగాల తొందరలో ఉంటారు. మనకు తీరిక ఉంది, కాగితం దాచే అలవాటు ఉంది, గడువు తప్పనివ్వని బుద్ధి ఉంది. ముప్ఫయ్యేళ్ళు సర్కారువారి ఫైళ్ళు నడిపినవాళ్ళం. మనవల ఫైలు ఒకటి నడపలేమా?

 సభానంతరం ఎవరైనా ఆ పట్టిక నమూనా కావాలంటే నా సంచిలో జిరాక్సు కాపీలు ఉన్నాయి, తీసుకోవచ్చు.